ట్యూబ్‌లైట్ దగ్గర ఎర్ర నలుపు పురుగు, పొద్దున్నే బాబు మెడ మీద కాలిన గీత: అదేంటి, ఏం చెయ్యాలి

ముందు మీరడిగింది ఒకసారి రాస్తా, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. మండపేట దగ్గర పొలాల పక్కన కొత్తగా అద్దెకి దిగారు, రెండో అంతస్తు, కిటికీ తీస్తే వరిచేలు. దసరా వెళ్లిన దగ్గర్నుంచి రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద గోడ మీద చీమల్లాంటివి, ఎరుపు నలుపు పట్టీలున్నవి తిరుగుతున్నాయి. మొన్న పొద్దున్న లేచేసరికి మీ నాలుగేళ్ల బాబు మెడ మీద వాత పెట్టినట్టు ఎర్రటి గీత, ఇవాళ్టికి దాని మీద సన్నటి పొక్కులు. మీ అత్తగారు సాలీడు పాకిందంటున్నారు, పక్కింటావిడ సర్పి అంటున్నారు, ఓనర్ గారేమో ఇల్లంతా మందు కొట్టిస్తా, పొలం గట్టు మీద కూడా కొట్టిస్తా అంటున్నారు. ఇదేం పురుగు, విషమా, ఏ మందు కొట్టాలి అని మీ ప్రశ్న.

మీ ఫోటో మసగ్గా ఉంది గానీ ఆ పట్టీల వరస చూస్తే నాకు అనుమానం లేదండి. అది రోవ్ బీటిల్, అందులో పెడెరస్ అనే జాతి. వాట్సాప్‌లో యాసిడ్ పురుగు అని తిరిగేది ఇదే. ఇది కుట్టదు, కరవదు. ఒంటి మీద పాకి వెళ్లిపోతే మామూలుగా ఏమీ అవ్వదు. ఒంటి మీద నలిగితే మాత్రం దాని ఒంట్లో రసం చర్మాన్ని కాలుస్తుంది. బాబు నిద్రలో మెడ గోక్కునో, పక్కకి దొర్లో నలిపి ఉంటాడు. ప్రాణం మీదకొచ్చేది ఏమీ కాదు, వారం పది రోజుల్లో ఎండి పొట్టు రాలిపోద్ది, మచ్చ మాత్రం ఇంకొన్ని వారాలుంటుంది. ఇంక మందు సంగతంటారా, ఇంట్లోనూ వద్దు, గట్టు మీద అసలే వద్దు. ఎందుకో కింద చెప్తా.

నేను డాక్టర్ని కాదు, అది ముందే చెప్పాలి. వ్యవసాయ శాఖలో ఇరవై ఆరేళ్లు ఊళ్లు తిరిగే ఉద్యోగం చేశా, ఇటు తణుకు వైపు కొన్నాళ్లు, అటు రామచంద్రపురం వైపు కొన్నాళ్లు. పొలంబడుల్లో రైతులతో కూర్చుని వరి దుబ్బులు విడదీసి ఏ పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే సగం ఉద్యోగం. అందుకని పురుగు గురించి నేను గట్టిగా చెప్పగలను, చర్మం గురించి నాకూ, నా చుట్టూ ఉన్నవాళ్లకీ అయిన అనుభవం చెప్తా.

ముందు గుర్తుపట్టడం. ఇవాళ రాత్రి ఒకటి కనపడితే చేత్తో ముట్టుకోకుండా దాని మీద గాజు గ్లాసు బోర్లించండి, కింద నుంచి పాత క్యాలెండర్ కాగితం మెల్లగా దూర్చి గ్లాసుతో సహా తీసి టేబుల్ మీద పెట్టుకుని తాపీగా చూడండి. పొడుగు వడ్లగింజంత ఉంటుంది, లావు అందులో సగం కూడా ఉండదు. తల నలుపు. దాని కింద మెడ లాంటి భాగం నారింజ రంగు. ఆ కింద నీలమో పచ్చో తెలీని మెరుపుతో చిన్న చొక్కా తొడిగినట్టు ఒక ముక్క ఉంటుంది, అవే పై రెక్కలు, నడుం దాకా కూడా రావు. అక్కడ్నుంచి పొట్టంతా మళ్లీ నారింజ, చిట్టచివర కొస మళ్లీ నలుపు. నలుపు, నారింజ, నీలం, నారింజ, నలుపు. ఈ వరస కుదిరితే ఇంక వేరే పురుగు అయ్యే అవకాశం లేదనే అనుకోండి. గ్లాసుని వేలితో టక్‌మని కొట్టి చూడండి, తేలు లాగా తోక పైకెత్తుద్ది. ఆ తోక చూసే జనం కుట్టుద్దనుకుంటారు, అందులో కొండీ లేదు, ముల్లూ లేదు.

రెక్కలు లేని చీమనుకుంటారు చాలామంది. ఆ పొట్టి చొక్కా కిందే పల్చటి రెక్కలు మడతలు మడతలుగా దాచుకుంటుంది, ఎగరగలదు, లైటు దగ్గరికి అలాగే వస్తుంది. కానీ ఒకసారి వాలాక ఎగరడం కంటే పరిగెత్తడమే ఎక్కువ.

ఈ సీజన్లో లైటు దగ్గరికి వచ్చేవాటిలో ఇదొక్కటే కాదు లెండి. నువ్వుగింజ కంటే కాస్త పెద్దగా ఉండే గోధుమరంగువి వందల్లో వచ్చి పడితే అవి సుడిదోమలు, వాటికి మీతో పనిలేదు, వరితోనే పని. పచ్చగా చిన్నగా గెంతేవి పచ్చదోమలు. వాన పడిన సాయంత్రం పొడుగాటి రెక్కలు రాల్చుకుంటూ కుప్పలుగా వచ్చేవి ఉసిళ్లు. వీటిల్లో దేనివల్లా ఒళ్లు కాలదు. చర్మం మీద బొబ్బలు లేపే పురుగుల్లో ఇంకో రకం ఉంది, అది దీనికి మూడింతలుంటుంది, పగలు పూల మీద కనపడుద్ది, మీరు చెప్పినదానికి సరిపోదు.

ఇంక ఆ రసం సంగతి. దాని నెత్తుట్లో పెడెరిన్ అనే పదార్థం ఉంటుంది. ఇటలీలో దీన్ని విడదీసి పరిశీలించడానికి రెండున్నర కోట్ల పురుగుల్ని పట్టారట, అన్ని పురుగుల్ని ఎవరు ఏరారో గానీ వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఇంకో తమాషా ఏంటంటే అది పురుగు సొంతంగా చేసుకునేది కూడా కాదు, దాని ఒంట్లో కాపురం ఉండే బాక్టీరియా తయారుచేసి పెడుతుంది, అదీ ఎక్కువగా ఆడ పురుగుల్లో. ఇది చర్మంలో కణాలు ప్రొటీన్ తయారు చేసుకోకుండా ఆపేస్తుంది. అందుకే నిప్పు తగిలినట్టు వెంటనే మండదు, కణాలు మెల్లిగా చచ్చిపోయి అర్ధరోజుకో రోజున్నరకో ఎరుపు తేలుద్ది, ఆ తర్వాత ఒకట్రెండు రోజులకి పొక్కులు. రాత్రి ఎప్పుడో నలిపితే మర్నాడెప్పుడో బయటపడుద్ది, ఈలోపు పురుగు సంగతే ఎవరికీ గుర్తుండదు, అప్పుడు సాలీడు మీదా బల్లి మీదా పడతారు. పాపం సాలీడు. మీ అత్తగారికి కోపం రాకుండా చెప్పండి, ఆవిడ సగం కరెక్టే, పాకింది పురుగే, పేరే తేడా.

సర్పి అన్న అనుమానం మాత్రం తేలిగ్గా తీసెయ్యకండి, చూడ్డానికి రెండూ దగ్గరగానే ఉంటాయి. నేను చూసినంతలో తేడా ఇది: సర్పికి మామూలుగా పొక్కులు రాకముందే రెండు మూడు రోజులు ఆ చోట పోట్లు, సలుపు ఉంటాయి, ఒంటికి ఒక పక్కనే నడుం చుట్టూనో ఛాతీ చుట్టూనో పట్టీ లాగా వస్తుంది. పురుగుదైతే రాత్రి ఏమీ లేదు, పొద్దున్నకి ఉంది, అదీ మెడ, మొహం, చేతులు లాంటి బట్ట లేని చోట, చేత్తో తుడిచిన గీత ఎటుంటే అటు. ఇంకో గుర్తుందండి. మోచెయ్యి మడతలో పైనా కిందా ఒకే ఆకారంలో రెండు మచ్చలు, అచ్చు అద్దినట్టు. చెయ్యి మడిచినప్పుడు ఒక వైపు రసం రెండో వైపు అంటుకుంటుంది. మా ఊళ్లో ఒక పెద్దాయనకి ఇలాగే వస్తే సర్పి అని కావి పూయించడానికి తీసుకెళ్లిపోతున్నారు, నేను ఆయన్ని చెయ్యి ఒకసారి మడవమని చూపించా, రెండు మచ్చలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. అయినా కావి పూయించుకునే వచ్చాడు, తగ్గితే కావి వల్లే తగ్గిందన్నాడు, సర్లే అనుకున్నా.

నా సొంత బుద్ధి తక్కువ పని కూడా చెప్పాలి. 1998 అనుకుంటా, సార్వా (వానాకాలం వరి) చేలో దీపపు ఎర పెట్టాం. పెట్రోమాక్స్ లైటు, దాని కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు, పైన కాస్త కిరసనాయిలు, వచ్చి పడినవి లెక్క రాసుకోవాలి. ఎనిమిదింటికి మెడ మీద ఏదో పాకింది, దోమేమోనని పట్‌మని కొట్టి, కొట్టిన చేత్తోనే కిందకి తుడిచేశా. పుస్తకంలో ఆ పురుగు మిత్రపురుగు అని రాసి ఉంది, రైతులకి రోజూ నేనే పాఠం చెప్తున్నా, నా మెడ మీదకొచ్చేసరికి పాఠం గుర్తులేదు. ఆ చేత్తోనే చెమట పట్టిందని కన్ను కూడా తుడుచుకున్నా. మర్నాడు సాయంత్రానికి చెవి కింద నుంచి కాలర్ దాకా నాలుగు వేళ్ల గీత, ఆ పై రోజుకి కుడి కన్ను రెప్ప వాచి మూసుకుపోయింది. మా ఆవిడ రెండు రోజులు నన్ను దొంగని చూసినట్టు చూసింది. మెడకి ఒక మందుల షాపులో అడిగితే తామర క్రీము ఇచ్చాడు, అది రాస్తే ఇంకా ఎర్రబడింది. చివరికి కంటి డాక్టరు దగ్గరికెళితే చూడగానే పొలంలో పనా అని అడిగారు. ఆ మచ్చ సంక్రాంతి దాకా ఉంది.

కాబట్టి నా అనుభవంలో చెయ్యవలసింది ఇదీ:

ఒంటి మీద పాకుతున్నప్పుడు కనపడితే కొట్టొద్దు, ఉఫ్ అని ఊదండి, లేదా కాగితం అడ్డం పెట్టి ఎక్కించుకుని దులిపెయ్యండి. పిల్లలకి కూడా ఈ ఊదడం నేర్పండి, వాళ్లకది ఆట లాగా ఉంటుంది, తొందరగా వచ్చేస్తుంది. ఒకవేళ నలిగిందని తెలిస్తే వెంటనే ఆ చోటుని, మీ చేతుల్నీ సబ్బుతో నీళ్లతో బాగా కడగండి, రుద్దకుండా. చేతులు కడక్కుండా కళ్లు ముట్టుకోవద్దు. ఆ రాత్రి కట్టుకున్న బట్టలు, దిండు గలీబు, దుప్పటి ఉతికేయండి.

బాబుకి ఇప్పటికే పొక్కులొచ్చేశాయి కాబట్టి చల్లటి నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ రోజుకి మూడు నాలుగుసార్లు కాసేపు వేసి తీయండి, మంట తగ్గుద్ది. పొక్కులు చిదమనివ్వద్దు, గోళ్లు కత్తిరించండి. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్, కొబ్బరినూనెలో కర్పూరం, ఇవేవీ వద్దు. ముఖ్యంగా సున్నం, కాలిన చోట మళ్లీ కాల్చినట్టే. షాపులో అడిగి తెచ్చుకునే తామర క్రీములు కూడా వద్దండి, వాటిల్లో చాలావాటికి గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, పిల్లల మెడ చర్మం పల్చన. డాక్టరు చూసి తక్కువ మోతాదు స్టెరాయిడ్ క్రీము నాలుగు రోజులు రాయమంటే అది వేరే సంగతి. నాలుగేళ్ల పిల్లాడు, పైగా మెడ, కాబట్టి ఒకసారి పిల్లల డాక్టరుకో చర్మం డాక్టరుకో చూపించడమే మంచిది. చీము పట్టినా, జ్వరమొచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా ఆగకుండా వెళ్లండి. కన్ను ఎర్రబడితే మాత్రం రేపు చూద్దాం అనొద్దు, మంచినీళ్లతో పది పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు కంటి డాక్టరుకి చూపించండి.

ఇంకోటి, ఇది అంటువ్యాధి కాదు. పొక్కుల్లో నీరు తగిలితే వేరేవాళ్లకి రాదు. బాబుని విడిగా పడుకోబెట్టక్కర్లేదు. బళ్లో టీచరు గారు ఏమన్నా అంటే ఇదే చెప్పండి.

ఇప్పుడు మందు కొట్టడం గురించి. కొన్నేళ్ల కిందట భీమవరం వైపు ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి నాకు ఫోనొచ్చింది. మూడో అంతస్తు, మూడు వైపులా చేలే, గదుల్లో రాత్రి పన్నెండు దాకా తెల్లటి లైట్లు, పరీక్షలు. ముందు ఇద్దరికి మెడ మీద వచ్చింది, వార్డెన్ గారు కంగారుపడి గదులన్నిటికీ మందు కొట్టించారు. పురుగులు చచ్చాయి. చచ్చినవి ఎక్కడ పడతాయి, ట్యూబ్‌లైట్ కిందే కదా, లైట్ కిందే మంచాలు. ఆ పిల్లలు దులపకుండా పడుకున్నారు. వారానికి ఇద్దరు కాస్తా పద్నాలుగు మందయ్యారు, ఇదేదో కొత్త వైరస్ అని పుకారు, సగం మంది ఇళ్లకెళ్లిపోయారు. నేను వెళ్లి చూస్తే దుప్పటి మడతల్లో ఎండిపోయిన పురుగులు దొరికాయి. చచ్చి ఎండిపోయినా ఆ విషం అందులోనే ఉంటుంది, ఈ సంగతి ఎవరికీ తెలీదు. పైగా మీరు గోడకి కొట్టినంత మాత్రాన ఆగేది కాదు, రేపు సాయంత్రం చేలోంచి ఇంకో జట్టు వస్తుంది, ఇంట్లో పిల్లాడు పీల్చేది మాత్రం ఆ మందే.

ఆ హాస్టల్లో మేం చేయించింది చాలా చిన్న పని. మంచాలు లైటు కింద నుంచి జరిపించాం. కిటికీలకి సన్నకన్ను మెష్, దీనికి మామూలు దోమల మెష్ సరిపోయింది, కాకపోతే పక్కన సందులుంటే ఉపయోగం లేదు. చీకటి పడేముందే తలుపులు కిటికీలు వెయ్యడం. గదిలో తెల్ల ట్యూబ్‌లైట్ బదులు పసుపు రంగు ఎల్‌ఈడీ, చదువుకోవడానికి టేబుల్ లైటు. పడుకునే ముందు దుప్పటి, దిండు బయటకి తీసుకెళ్లి దులపడం, దోమతెర పరుపు కిందకి దోపడం. పొద్దున్నే చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తి సబ్బునీళ్ల బకెట్లో పడెయ్యడం, చేత్తో ఏరడం మాత్రం లేదు. పది రోజుల్లో కొత్త కేసులు ఆగిపోయాయి. 2022లో సిక్కింలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వంద మంది దాకా విద్యార్థులకి ఈ జాతి పురుగు వల్లే పొక్కులొచ్చాయని పేపర్లలో చదివినప్పుడు నాకు ఈ హాస్టలే గుర్తొచ్చింది.

మీ ఇంటికి ఇంకో చిట్కా ఉంది. డాబా మీదో పెరట్లోనో, మీ కిటికీలకి దూరంగా, ఒక తెల్ల బల్బు వేలాడదీసి కింద టబ్బులో సబ్బునీళ్లు పెట్టండి, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదింటి దాకా. ఇంట్లో మసక, బయట వెలుగు, అవి అటే పోతాయి. పెట్రోమాక్స్ బదులు బల్బు, అంతే తేడా. గుమ్మం మీద వరండా లైటు ఊరికే వెలుగుతుంటే అది ఆర్పెయ్యండి, మనోళ్లకి లక్ష్మీదేవి వస్తుందని లైటు వేసి ఉంచడం అలవాటు, ఈ నెల్రోజులకి చిన్న దీపం పెట్టుకుంటే సరిపోద్ది.

అసలిన్ని ఇప్పుడే ఎందుకొస్తున్నాయని కూడా అడిగారు. దీనికి తడి నేల కావాలి, గుడ్లు తడి మట్టిలో పెడుతుంది, వరిచేను కంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుద్ది. సార్వా అంతా చేలో నీళ్లున్నన్నాళ్లూ దుబ్బు మొదట్లో దాని మానాన అది బతుకుతుంది. కోతకి ముందు చేలల్లో నీళ్లు తీసేస్తారు, ఆరగడతారు, తర్వాత కోత మిషన్ దిగుతుంది, ఒక్క పూటలో ఇల్లంతా పోయినట్టు దానికి. అప్పుడు లైటు కనపడిన చోటుకల్లా వస్తాయి. మీ పక్క చేలు ముందు నాటినవి కాబట్టి ముందు కోస్తున్నారు, స్వర్ణ లాంటి దీర్ఘకాలం రకాలు వేసిన ఊళ్లలో ఈ గోల నవంబరు నెలాఖర్లో మొదలవుద్ది. మనూళ్లలో చేల మధ్యలోనే లేఅవుట్లు వేసి ఇళ్లు కట్టేస్తున్నాం, నిజానికి మీ ఇంటి స్థలం కూడా మొన్నటిదాకా చేనే అయ్యుంటుంది.

ఇంక మీ ఓనర్ గారు గట్టు మీద మందు అన్నారు చూశారా, ఆయన వరి రైతైతే నేను చెప్పానని చెప్పండి. ఈ పురుగు రాత్రిళ్లు దుబ్బు ఎక్కి సుడిదోమ పిల్లల్ని, గుడ్లని తింటుంది. పొలంబడిలో సాలీళ్లు, మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగుల పక్కనే దీన్నీ మిత్రపురుగుల కాలమ్‌లో రాసేవాళ్లం. దోమపోటు వచ్చిన చేను ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు, గుండ్రంగా కాలిపోయినట్టు చుట్టలు చుట్టలుగా పడిపోద్ది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే మిత్రపురుగులు ముందు చస్తాయి, సుడిదోమ తర్వాత రెట్టింపై తిరిగొస్తుంది, ఈ దెబ్బ మన డెల్టా రైతులు ఒకటికి రెండుసార్లు తిన్నదే. గట్టు మీద కొట్టేదేదో ఆ డబ్బులతో మీ కిటికీలకి మెష్ కొట్టించమనండి. ఇంటి గోడ వారన కుళ్లిన గడ్డి, తడి ఆకులు, పాత కొబ్బరి మట్టల కుప్ప ఉంటే అది మాత్రం తీయించమనండి, అందులో కూడా దాక్కుంటాయి.

మీ పక్క చేల కోత అయిపోయి, గడ్డి మోపులు ఎత్తేశాక రెండు మూడు వారాల్లో బాగా తగ్గిపోతాయి. మళ్లీ దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు, ఏప్రిల్లో, ఇంకో విడత వస్తాయి, ఈసారికి దుప్పట్లు దులుపుకుని నెట్టుకొచ్చినా అప్పటికి మెష్ బిగించి ఉండేట్టు చూసుకోండి. గ్లాసు కింద పట్టినప్పుడు పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, పట్టీల వరస సరిపోకపోతే చెప్తా.